బెండకాయల ఇమ్తిహాన్

మొన్న మా ఇంటికి కొత్త మిక్సీ వచ్చింది. మూత సరిగ్గా బిగిస్తేనే తిరుగుతుందట. బిగించకపోతే మీట ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. అమ్మినవాడు ఆ సంగతి గొప్పగా చెప్పి వెళ్ళాడు. వాడు వీధి మలుపు తిరిగాడో లేదో నేను మిక్సీ ముందు కూర్చున్నాను. మొదట నిద్రలో నడుస్తున్నవాడిలా మూత వంకరగా పెట్టి మీట నొక్కాను. తిరగలేదు. తర్వాత బస్సు తప్పిపోతున్నవాడిలా రెండు చేతులతో రెండు పనులూ ఒకేసారి చేశాను. అప్పుడూ తిరగలేదు. చివరికి మంచి తెలివైనవాడిలా ఒక చెంచా తెచ్చుకుని, కాడ ఎక్కడ దూర్చాలో వెతికి దూర్చాను. గిర్రున తిరిగింది. పచ్చడి గోడెక్కింది.

"పూనాడా మళ్ళీ ఆ మేస్త్రి?" అంది మా ఆవిడ, గోడ తుడుస్తూ.

పూనాడు. ఆయన్ని ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు. పెళ్ళయిన నాటినుంచీ నా నోట వినీ వినీ, మా చుట్టాల్లో ఒకడిగా లెక్కేసుకుంది. ఆయన పేరు మాత్రం నేను రాయను. బోర్డుల మీదా కాగితాల మీదా అక్షరాలు చూస్తే ఆయనకు నవ్వొచ్చేది.

సరిహద్దు అవతల, మాన్వి వెళ్ళే దారిలో, కల్లూరు దాటాక, మా మావయ్య బియ్యం మిల్లు పెట్టిన రోజులవి. కాలవ నీళ్ళొచ్చి జొన్నచేలు వరిమళ్ళయ్యాయి. మా వైపు నుంచి వచ్చి పొలాలు కొన్నవాళ్ళ వడ్లన్నీ ఎక్కడో ఒకచోట ఆడాలి కదా. నేను పాలిటెక్నిక్ చదివి, మా ఊళ్ళో ఖాళీగా తిరుగుతుంటే, మావయ్య మిల్లు చూసుకోమని పిలిపించాడు. కళ్ళజోడూ, ఇస్త్రీ చొక్కా, జేబులో స్కేలుతో దిగాను. మిల్లులో మరమ్మతులు చూసే మేస్త్రి నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఇంజినీరు సాబ్ వచ్చిండు. ఇగ మిషిండ్లు బయపడ్తయి," అన్నాడు. ఆయన నవ్వలేదు. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

కల్లూరు మనిషి. యాభై అయిదు దాటి ఉంటాయి. చెవిలో ఎప్పుడూ ఒక బీడీ ఉండేది. మిల్లులో దాన్ని వెలిగించగా నేను చూడలేదు, పొట్టుకు నిప్పంటుకుంటుందని. సాయంత్రం గేటు దాటాక వెలిగించేవాడు. ఆ గేటు దగ్గర ఆయన చేసే పని ఒకటుంది. ఇంటికి పోయే ఆడవాళ్ళ ఒడిలో బియ్యం ఉన్నాయేమో చూడడానికి మావయ్య ఒక కాపలా మనిషిని పెట్టాడు. ఆ మనిషి పక్కనే మేస్త్రి కూడా నిలబడేవాడు. ఒక్కొక్కరూ రెండు చేతులూ చాపాలి. వేళ్ళు లెక్కపెట్టి, "పది. పో," అనేవాడు.

మొదటిరోజు నాకు ఒళ్ళు మండింది. "ఏంటండీ మేస్త్రిగారూ, వాళ్ళేమన్నా దొంగలా?" అన్నాను.

"ఒడి ఆయన జూస్తడు సాబ్. బియ్యం పోతె మిల్లుకు నుక్సాను. ఏళ్ళు నేను జూస్త. పోతె ఆమెకు నుక్సాను," అన్నాడు. "నీవి గూడ సూపియ్యి."

చూపించాను. లెక్కపెట్టాడు. పది. పో అన్నాడు.

ఇక నా తప్పు చెప్పాలి. చెప్పకుండా ఆయన్ని చూపించడం కుదరదు.

మిల్లులో వడ్లను కిందినుంచి పైకెత్తే ఎలివేటరు ఉంటుంది. పొడుగాటి పట్టాకి రేకు గిన్నెలు బిగించి ఉంటాయి. అవి కింద గుంటలో మునిగి వడ్లు తోడుకుని పైకి పోతాయి. వడ్లు తడిగా ఉంటే గుంటలో అడ్డుపడతాయి. అప్పుడు ఎలివేటరు ఆపి, మూత తీసి, చేత్తో తోడాలి. ఆపడమంటే ఇంజను ఆపడం కాదు. ఒక కర్ర పిడి ఉండేది. దాన్ని అటు తోస్తే బెల్టు పనిచేయని చక్రం మీదకి జరిగి ఎలివేటరు ఆగుతుంది. ఇటు గుంజితే మళ్ళీ నడుస్తుంది. ఆ పిడికీ గుంటకీ మధ్య ఒక రేకు తడిక. ఇటున్నవాడికి అటున్న మనిషి కనపడదు.

గుంట తోడే పని తిమ్మక్కది. మల్లట్ ఊరి మనిషి, ముప్పయి అయిదేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లలు. వేసవి పంట ఆడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను ఇటు వచ్చాను. ఎలివేటరు ఆగి ఉంది. ఎవడో మతిలేనివాడు నడపడం మర్చిపోయాడు అనుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, పిడి పట్టుకుని గుంజాను.

తడిక అవతల కేక. తిమ్మక్క చెయ్యి అప్పటికే సగం బయటికి వచ్చిందట, అందుకని బతికింది. గాజులన్నీ పగిలిపోయాయి, మణికట్టు గీరుకుపోయింది. గుంట చుట్టూ ఆకుపచ్చ గాజుముక్కలు. నేను అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. అంత సిగ్గు నా జీవితంలో మళ్ళీ పడలేదు.

మేస్త్రి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"తప్పు నాదేనండి," అన్నాను.

"నీదే సాబ్. లేదంటలే," అన్నాడు తాపీగా. "గాని నిన్ను మార్సుడు నాతోని గాదు. మీ అమ్మనాయనతోనే గాలె. గా కట్టెను మారుద్దాం. నువ్వు గిట్లనే తప్పు జెయ్యి. గాని అది కావద్దు. గట్ల జెయ్యాలె."

తిమ్మక్క మర్నాడే చెప్పేసింది. "నేను గుంటల చెయ్యి పెట్టనయ్యా. ఊడ్సమంటే ఊడుస్త. లేకుంటె ఇంటికి పోత." ఊడ్చేవాళ్ళకు కోతల రోజుల్లోనే పని. గుంట తోడే మనిషికి ఏడాది పొడుగునా పని. ఆ సంగతి ఆమెకూ తెలుసు. మావయ్య మంచివాడే కానీ మిల్లు యజమాని. "దీపావళి దాటితే కొత్త వడ్లొస్తాయిరా అబ్బాయ్. ఈలోగా ఆవిడ చెయ్యి పెడితే సరే. లేకపోతే ఇంకో మనిషిని చూసుకో," అన్నాడు.

ఆ ఇంకో మనిషికి కూడా వేళ్ళుంటాయి కదా అని నేననలేదు. మేస్త్రి అన్నాడు. మావయ్య వినపడనట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

నా మొదటి ఉపాయం బోర్డు. ఎర్రరంగుతో మూడు భాషల్లో, పిడి పక్కన వేలాడదీశాను: గుంటలో మనిషి ఉన్నాడేమో చూసి నడపవలెను. మేస్త్రి దాన్ని అటూ ఇటూ తట్టి, తన సద్ది డబ్బా దానికి తగిలించాడు. "మంచి మజ్బూత్‌గుంది సాబ్. రెండు డబ్బాలు గూడ ఆగుతది," అన్నాడు. మర్నాటికి అక్కడ నాలుగు డబ్బాలూ ఒక తువ్వాలూ వేలాడుతున్నాయి. అక్షరాలు చూద్దామన్నా కనపడలేదు.

రెండోది గంట. పిడి గుంజే ముందు గంట కొట్టాలి. అప్పుడు చూశాను ఆయన ఇమ్తిహాన్ ఎలా ఉంటుందో. పరీక్షను ఆయన ఇమ్తిహాన్ అనేవాడు. ఇంటినుంచి రెండు బెండకాయలు తెచ్చి, ఒక పుల్లకి కట్టి, గుంటలో పెట్టాడు. అవి తిమ్మక్క వేళ్ళు. తర్వాత పిడి గుంజే మనుషుల వేషాలు వరసగా కట్టాడు.

మొదటివాడు నిద్రగాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, ఆవలిస్తూ వచ్చి, గంట ఊసే ఎత్తకుండా పిడి గుంజాడు. బెండకాయ తెగింది.

రెండోవాడు జల్దిగాడు, తొందర మనిషి. వీడు నడిచి రాగానే ఆడవాళ్ళందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎందుకో నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. వాడు లేని కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. లేని జేబులో లేని స్కేలు సర్దుకున్నాడు. ఎడం చేత్తో గంట కొడుతూ, అదే క్షణంలో కుడిచేత్తో పిడి గుంజాడు. రెండో బెండకాయ తెగింది.

"గంట గొట్టమన్నవ్, గొట్టిన. ఆగుమన్లే గద," అన్నాడు నా గొంతు పెట్టి.

"మూడోవాడు ఎవడండీ?" అన్నాను కోపంగా.

"అకల్‌గాడు. తెలివి శానా ఉన్నోడు. వానితోనే బయం," అన్నాడు. "వాడు గంట లోపటి నాలికె ఊడబీకి తీస్కపోయి ఎద్దు మెడకు గట్టుకుంటడు."

నాలుగు రోజుల్లో అదే జరిగింది. ఆ నాలిక మాత్రం దొరకలేదు. ఇమ్తిహాన్ అయిన రోజే, తెగిన బెండకాయ ముక్కలు మోదుగాకులో పెట్టి మావయ్య గదికి పంపాడు మేస్త్రి. "పెద్ద సాబ్‌కు చెప్పుండ్రి, ఈపొద్దు రెండేళ్ళు పోయినయని." మావయ్య ఆకు విప్పి చూసి, వేలు అన్న మాట విని, ఆరోజు భోజనం సరిగ్గా చెయ్యలేదు. మా అత్తయ్య నన్ను తిట్టింది. బొగ్గుతో పొట్టుగది గోడ మీద రెండు కొట్టివేతలు పడ్డాయి, బోర్డుకొకటీ గంటకొకటీ. ఆయన మార్కులు వేసేది అక్కడే.

మూడోది మేకు. మంచి టేకు చెక్కతో చేయించి ఎర్రరంగు పూశాను. పిడి వెనక్కి తోశాక అక్కడున్న రంధ్రంలో ఈ మేకు దిగ్గొట్టాలి. మేకు ఉన్నంతసేపూ పిడి కదలదు. ముగ్గురు మనుషులూ వచ్చి గుంజినా కదల్లేదు. నేను గోడవైపు చూశాను.

"ఇప్పుడే గాదు. పండుగ పోనియ్యి," అన్నాడు మేస్త్రి.

దసరా వచ్చింది. ఆయుధపూజకి మిల్లంతా కడిగి, ప్రతి చక్రానికీ పసుపు కుంకుమా పెట్టి, ఇంజనుకు గుమ్మడికాయ కొట్టారు. పండుగయ్యాక మిల్లు నడుస్తోంది. నేను వెళ్ళి చూస్తే రంధ్రంలో చీపురుపుల్లల కట్ట ఉంది. మేకు లేదు.

"మేకేదీ?" అన్నాను.

ఆడవాళ్ళు నావంక ఎంత అమాయకుడన్నట్టు చూశారు. ఒకావిడ గూట్లోకి చూపించింది. అక్కడ దేవుడి పటం పక్కన నా మేకు, పసుపు పూసుకుని, కుంకుమ బొట్టు పెట్టుకుని, బంతిపూలతో కూర్చుని ఉంది. ముందు దీపం కూడా ఉంది.

"తిమ్మక్క చెయ్యి గాసే దేవరయ్యా అది. పూజ జేసినంక నూనె చేతులతోని ముట్టుకుంటమా?" అంది ఆవిడ.

మేస్త్రి రెండు బెండకాయలు కట్టి, నిద్రగాడై వచ్చి, ఒక్క గుంజు గుంజాడు. చీపురుపుల్లలు పటపటమన్నాయి. ఆయన గూటి దగ్గరికి వెళ్ళి మేకుకు దండం పెట్టుకుని, వచ్చి గోడ మీద మూడో కొట్టివేత పెట్టాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. దీపావళికి పదిహేను రోజులు కూడా లేవు. తిమ్మక్క రోజూ ఊడుస్తూ, తడిక దగ్గరికి వచ్చేసరికి చుట్టు తిరిగి పోయేది. బొగ్గు తీసుకుని నేనే నేలమీద గీసుకుంటూ కూర్చున్నాను. గుర్తుపెట్టుకుని చెయ్యాల్సిన పని ఏది పెట్టినా ఎవడో ఒకడు మర్చిపోతాడు. తీసి పక్కన పెట్టగలిగేది ఏది ఇచ్చినా ఎవరో ఒకరు పట్టుకుపోతారు, దేవుడి దగ్గరికో ఎద్దు దగ్గరికో. ఇంకేం మిగిలింది?

మిగిలింది మూత. పిడికి ఒక పొడుగాటి ఇనప పట్టీ బిగించి, తడికలో సందు చేసి అవతలికి పంపాను. ఎలివేటరు నడుస్తున్నప్పుడు ఆ పట్టీ గుంట మూత మీద అడ్డంగా పడుకుని ఉంటుంది, మూత లేవదు. పిడి వెనక్కి తోస్తే పట్టీ జరుగుతుంది, అప్పుడే మూత తెరుచుకుంటుంది. తెరిచిన మూత నిలువుగా నిలబడి పట్టీకి దారి ఇవ్వదు. కాబట్టి మూత తెరిచి ఉన్నంతసేపూ ఎవడు గుంజినా పిడి రాదు. గుర్తుపెట్టుకునే పని ఎవరికీ లేదు.

మేస్త్రి దాని చుట్టూ తిరిగి చూశాడు. చెవిలో బీడీ తీసి వాసన చూసి మళ్ళీ పెట్టుకున్నాడు. నిద్రగాడు వచ్చాడు, ఓడిపోయాడు. జల్దిగాడు కళ్ళజోడు మూడుసార్లు తోసుకున్నాడు, ఓడిపోయాడు. అకల్‌గాడు తాడూ చీలా తెచ్చుకుని, నేను అటు తిరిగేదాకా ఆగి, పావుగంట కుస్తీపట్టి చెమటలు తుడుచుకున్నాడు. పుల్ల బయటికి తీస్తే బెండకాయలు రెండూ కోసిన పొద్దున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"పాసేనా?" అన్నాను.

"బెండకాయ పాసయింది. ఇగ చెయ్యి."

"తిమ్మక్కని పిలవనా?"

"పిలువు. గాని ఆమె గీ పక్కకు గాదు. ఆమె కట్టె కాడ నిలవడ్తది." నన్ను చూశాడు. "గుంటల నువ్వు పెడ్తవ్."

ఇంజను నడుస్తోంది. ఆ పక్క తిమ్మక్క పిడి పట్టుకుంది. ఈ పక్క నేను మోకాళ్ళ మీద కూర్చుని చొక్కా చెయ్యి మడిచాను. మిల్లులో ఉన్నవాళ్ళందరూ చుట్టూ చేరారు. మావయ్య కూడా గుమ్మంలో నిలబడ్డాడు. నా లెక్కలో పొరపాటు లేదు, గీతలన్నీ సరిగ్గా ఉన్నాయి. చెయ్యి గుంట అంచుదాకా వెళ్ళింది. అక్కడ ఆగింది.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాను.

మేస్త్రి మొహం చాటంత అయింది. "గా ఒక్క నిమిషం కోసమే యేసవిసంది సూస్తున్న. చెప్పు సాబ్. ఏం యాదికొచ్చింది?"

యాదికొచ్చింది. మూత బందులకి చీల పైనుంచి ఊరికే జారవేశాను. ఊడ్చేటప్పుడు మూత మొత్తం తీసి పక్కన పెట్టుకోవడానికి వీలుగా ఉంటుందని. మూతే లేకపోతే పట్టీని ఆపేది ఏదీ ఉండదు. ఆ సంగతి వారం రోజులుగా నాకు తెలుసు. ఎవడు తీస్తాడులే అనుకున్నాను. బెండకాయలు పెట్టినప్పుడు కూడా అనుకున్నాను. నా వేళ్ళు పెట్టాల్సి వచ్చేసరికి అనుకోలేకపోయాను. అదంతా అందరి ముందూ చెప్పేశాను.

"మొగోడివి," అన్నాడు మేస్త్రి. "జేసినోనికి అన్ని లొసుగులూ ఎరికే ఉంటయి. చెయ్యి లోపట పెట్టేదంక నోరు రాదు."

చీల రెండు వైపులా సుత్తితో కొట్టి, మళ్ళీ ఎప్పటికీ ఊడకుండా తలలు చదును చేసేసరికి మధ్యాహ్నమైంది. ఎవరూ అన్నానికి పోలేదు. మళ్ళీ కూర్చున్నాను. ఈసారి చెయ్యి మోచేతిదాకా పెట్టాను. తడి వడ్లు వేళ్ళకి చల్లగా తగిలాయి.

"గుంజు తిమ్మక్కా! యేసవిల గాజులు యాది జేస్కో!" అని అరిచాడు మేస్త్రి.

ఆమె యాది చేసుకుంది. ఠంగుమని పట్టీ మూతకి కొట్టుకుని ఆగింది. మళ్ళీ గుంజింది. మూడోసారి గోడకి కాలు తన్నిపెట్టి గుంజిందట, తర్వాత చెప్పారు. అంత కసిగా గుంజాల్సిన అవసరం ఇమ్తిహాన్‌కి లేదని నా అభిప్రాయం. గిన్నెలు కదల్లేదు. నేను కళ్ళు తెరిచాను.

తిమ్మక్క తడిక చుట్టి ఇటు వచ్చింది. నా చేతివంక చూసింది. "జరుగయ్యా," అని నన్ను పక్కకి తోసి కూర్చుని, తన చెయ్యి గుంటలో పెట్టింది. కొత్త గాజులు, అవీ ఆకుపచ్చవే. "నువ్వు పోయి గుంజు," అంది.

నేను అటు వెళ్ళి పిడి పట్టుకున్నాను. ఏప్రిల్లో పట్టుకున్న పిడే. ఇప్పుడేం కాదని నాకంటే బాగా తెలిసినవాడు లేడు. అయినా చెయ్యి రాలేదు. పిడి మీద చెమట పట్టింది.

మేస్త్రి నా వెనక వచ్చి నిలబడ్డాడు. ఈసారి వేళాకోళం లేదు. "గుంజు సాబ్. గిది నీ ఇమ్తిహాన్. ఆమెది ఎప్పుడో అయిపోయింది," అన్నాడు మెల్లగా.

గుంజాను. ఠంగుమంది. తడిక అవతల తిమ్మక్క నవ్వు వినపడింది.

మార్కులు ఎన్ని అని అడిగితే, ఆయన బొగ్గుముక్క ఆమె చేతిలో పెట్టాడు. "నన్నడుగుతవేంది? చెయ్యి ఎవరిదో ఆమెనే ఎయ్యాలె." ఆమె ఆ మూడు కొట్టివేతల పక్కన ఒక పెద్ద సున్నా చుట్టింది. కొంచెం ఆలోచించి, దానికి కళ్ళూ ముక్కూ, పైన కళ్ళజోడూ పెట్టింది. మావయ్య ఆ గోడకి సున్నం వేయించినప్పుడల్లా అంతమేరా వదిలేయించేవాడు. కొత్త వడ్లొచ్చాక మాత్రం, మాటిమాటికీ ఎలివేటరు ఆపాల్సి వస్తోందని రోజూ గొణిగేవాడు.

నేను ఆ మిల్లు వదిలి వచ్చి చాలా ఏళ్ళయ్యాక, పనిమీద మాన్వి వెళ్ళాను. బస్టాండులో ఒక ముసలామె నా ఎదురుగా వచ్చి నిలబడి, లేని కళ్ళజోడు పైకి తోసుకుంది. తిమ్మక్క. ఇద్దరం నవ్వుకున్నాం. మేస్త్రిగారు ఎలా ఉన్నారని అడిగాను.

"లేడయ్యా. పోయిన వానకాలమే పోయిండు," అంది.

ఆయన్ని ఒక్కసారి చూసి వద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో, ఎన్నిసార్లు మానుకున్నానో. కళ్ళు నిండాయి. జేబురుమాలు వెతుక్కుంటున్నాను. ఆమె చేతిలో సంచి కింద పెట్టి, రెండు చేతులూ నా మొహం ముందు చాపింది. ముడతలు పడ్డ చేతులు, వేళ్ళు విడదీసి.

"ఏందయ్యా, లెక్కపెట్టవా?"

బస్టాండులో జనం చూస్తూ ఉన్నారు. ఒక్కొక్క వేలూ ముట్టి లెక్కపెట్టాను.

"పది," అన్నాను.

"ఊ," అంది తిమ్మక్క. "ఇగ నీవి సూపియ్యి."

నేను నా సంచి కింద పెట్టాను.